సూర్యుడు లేకుండా మొదటి మూడు రోజులు ఎలా గడిచాయి?

జిర్కాన్:
అందరికీ వందనాలు. వారమంతా ల్యాబ్‌లో రాళ్ల వయసు లెక్కగడతాను, ఆదివారం సండే స్కూల్లో ఆదికాండం (దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేశాడని చెప్పే బైబిల్ మొదటి పుస్తకం) చెబుతాను. ఇన్నాళ్లూ ఈ రెండూ ఎదురుపడకుండా నెట్టుకొచ్చాను. మొన్న ఎనిమిదేళ్ల పాప లేచి, "అక్కా, సూర్యుణ్ణి చేసింది నాలుగో రోజు కదా, మరి అంతకుముందు సాయంత్రం ఎలా అయింది?" అంది. మంచి ప్రశ్న అని మెచ్చుకుని, ప్రార్థన చేయించి పంపేశాను. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

నేను చూసేది జిర్కాన్ అనే స్ఫటికాలు, ఇసుక రేణువంత ఉంటాయి. ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తాయి, సీసాన్ని దాదాపు రానివ్వవు. యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది, అంటే ఇప్పుడు అందులో ఉన్న సీసం దాదాపు అలా పుట్టిందే. పైగా ఒకే రేణువులో రెండు గడియారాలు: ఒక రకం యురేనియం సగమవడానికి 447 కోట్ల ఏళ్లు, ఇంకో రకానికి 70 కోట్లు. వేర్వేరు వేగాలతో నడిచే ఆ రెండూ ఒకే వయసు చెబితే కాదనడానికి నాకు నోరు రాదు. ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో దొరికిన కొన్నింటికి దాదాపు 440 కోట్ల ఏళ్లు. నాకు వాక్యం మీదా నమ్మకమే, ఈ లెక్క మీదా నమ్మకమే. మీలో ఎవరైనా ఈ దారిలో నడిచారా?

బెరయ విశ్వాసి:
సిస్టర్, "అస్తమయమును ఉదయమును కలుగగా" అని అంత స్పష్టంగా ఉంది. ఆ రోజుల్ని యుగాలు అంటే రేపు యేసు చనిపోయి లేచిన పునరుత్థానాన్నీ అలంకారం అంటారు. కార్బన్ డేటింగ్ తప్పులతడక అని విన్నాను. అయినా దేవుడు ఆదామును పసిబిడ్డగా చేయలేదు కదా, భూమినీ అలాగే వయసుతో చేసి ఉండొచ్చు.

జిర్కాన్:
బ్రదర్, ఆ డేటింగ్‌లో కొలిచే కార్బన్-14 సగమవడానికి 5,730 ఏళ్లే. 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు, ఇలాంటి రాళ్లకు మేం దాన్ని వాడం. రెండోది నాకు ఇంకా కష్టంగా ఉంది. ఆదామును ఎదిగినవాడిగా చేయడం సరే. ఎప్పుడూ తగలని దెబ్బకు అతని మోకాలి మీద మచ్చ పెడతాడా? నేను రోజూ చూసేవి ఆ మచ్చలే.

పాత లెక్చరర్:
అమ్మాయ్, ఆ పాప ప్రశ్న 3వ శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఓరిగెన్ అడిగాడు. సూర్యుడు లేని సాయంత్రాన్ని ఉన్నదున్నట్టు ఎవరు తీసుకుంటారని ఆయన వాదన. 5వ శతాబ్దం ఆరంభంలో బిషప్ అగస్టీన్ కూడా ఆ దినాలు మనకు తెలిసిన రోజులు కావన్నాడు. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో, కాబట్టి సైన్సుకు భయపడి సర్దుకున్నారనడానికి లేదు. ఆదికాండం 2:4 హెబ్రీలో చూడు, మొత్తం సృష్టికీ కలిపి అదే 'యోమ్' (రోజు అనే మాట). 16వ శతాబ్దపు ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ అయితే ఇంకా సూటిగా రాశాడు: శని గ్రహం చంద్రుడి కన్నా పెద్దదని తెలుసు, అయినా మోషే మామూలు మనిషి కంటికి కనిపించినట్టు చంద్రుణ్ణి గొప్ప జ్యోతి అన్నాడు అని.

బ్రదర్ భయం కూడా కొట్టిపారేసేది కాదు. పునరుత్థానం సంగతి వేరు, లేచిన యేసును చూసినవాళ్ల పేర్లు చెప్పి మరీ రాశాడు అపొస్తలుడు పౌలు.

ఒక్క జాగ్రత్త. బిగ్ బ్యాంగే ఆదికాండం 1:3లో దేవుడు వెలుగు కమ్మనడం అని మాత్రం చెప్పకు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసిన లెమేత్ర్ స్వయంగా కాథలిక్ ఫాదర్. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువులా మాట్లాడితే లెమేత్ర్‌కే నచ్చలేదు.

జిర్కాన్:
సార్, ఆరు రోజుల ముడి కొంత వదులైంది. అసలు ముడి రోమా 5:12. "పాపము ద్వారా మరణము" అంటాడు పౌలు. నా రాళ్లలో మనిషి కన్నా కోట్ల ఏళ్ల ముందే చచ్చిన జీవులున్నాయి.

పాత లెక్చరర్:
అక్కడ నేనూ తడబడతాను. ఆ వచనం "మనుష్యులందరు" అంటోంది, జంతువుల ఊసు లేదు. దాని మీదే నిలబడ్డాను. ఆదాము ఒక్కడేనా అన్నది మాత్రం నాకింకా తేలలేదు.

జిర్కాన్:
ఈ ఆదివారం పాపకు చెప్పాను, నీ ప్రశ్నే 1,800 ఏళ్ల క్రితం ఒకాయన అడిగాడని. "వాళ్ల టీచర్ ఏమంది?" అని అడిగింది. ఆయనే టీచర్ అని చెబితే నమ్మలేదు.