కాపియెల్లో తరహా నల్ల నేల: స్క్రీన్ ప్రింట్‌లో బొమ్మ చుట్టూ తెల్లగీత

నాగావళి_గట్టు:
శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో పలాస జీడిపప్పు దుకాణానికి పోస్టర్ వేస్తున్నాం. 20×30 అంగుళాలు, స్క్రీన్ ప్రింట్. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు. 1903లో క్లాస్ అనే చాక్లెట్ కంపెనీకి పోస్టర్ చిత్రకారుడు కాపియెల్లో వేసిన ఎర్రగుర్రంలా నల్ల నేల (వెనకంతా నలుపు) మీద ఒక్కటే బొమ్మ. ట్రయల్‌లో బొమ్మకి ఒక పక్క తెల్లగీత వస్తోంది, ఒత్తులు పూడిపోతున్నాయి. ఏటి మార్చాలి?

పాతపోస్టర్లు:
ముందు బొమ్మ సంగతి. కాపియెల్లో 1875లో లివోర్నోలో పుట్టాడు. 1898లో పారిస్ వెళ్లి పత్రికలకు కేరికేచర్లు గీశాడు, మరుసటి ఏడే మొదటి పోస్టర్ వేశాడు. నాలుగు గీతల్లో మనిషిని పట్టుకునే ఆ అలవాటే పోస్టర్లోకి వచ్చింది. ఆయనకంటే ముందు తరం పోస్టర్ చిత్రకారుడు షెరె పోస్టర్లలో బొమ్మ వెనక రంగులు అలలు అలలుగా కరుగుతుంటాయి. కాపియెల్లో ఆ వెనకదంతా తీసేశాడు. గుర్రానికీ చాక్లెట్‌కీ సంబంధం లేకపోయినా జనం ‘ఎర్రగుర్రం చాక్లెట్’ అని అడిగారు. 1921లో కాంపారీ అనే ఇటలీ మద్యానికి వేసిన పోస్టర్‌లో మాత్రం నారింజ తొక్క చుట్టలోంచి ఎర్రటి విదూషకుడు దూకుతాడు, సరుకు బొమ్మలోనే ఉంది. మీకు ఈ రెండోదే నప్పుతుంది. జీడిపండు రంగు, గింజ వంపు ఎంత బాగుంటాయో! ఆ వంపునే బొమ్మకి వెన్నెముక చెయ్యండి.

మెష్_మాస్టర్:
తెల్లగీతకి మందు నలుపులోనే ఉంది. అప్పటి లితోలో (రాతి పలక మీద గీసి అచ్చు వేసే పద్ధతి) రంగుకో రాయి, రాయికోసారి కాగితం ప్రెస్‌లోకి వెళ్లేది, కొంచెమైనా జరిగేది. ముదురు రంగు అంచు మీదికెక్కితే ఆ జరుగుడు కనపడదు. మీరూ పసుపు, ఎరుపు, ఆకుపచ్చలని బొమ్మ అంచు దాటి 1 మి.మీ. బయటికి పెంచి, నలుపు చివర్న వెయ్యండి.

కాగితం ప్రింట్ గదిలోనే రెండ్రోజులు ఆరనివ్వండి. మన తేమకి రంగుకీ రంగుకీ మధ్య షీటు సాగుతుంది. ఆనింపులు (కాగితం అంచు ప్రతిసారీ ఒకే చోట ఆనేలా పెట్టే అడ్డాలు) మూడు: పొడవు వైపు రెండు, పొట్టి వైపు ఒకటి. నాలుగు రంగులకీ అదే మూల. ఫ్రేముకీ కాగితానికీ మధ్య ఎడం 3 మి.మీ. దాటితే మెష్ (ఫ్రేముకి బిగించిన వలగుడ్డ) సాగి బొమ్మ పెద్దదవుతుంది. మీ గీత ఒక పక్కే వస్తోందంటే ముందు ఆనింపులే చూడండి. నాలుగు పక్కలా వస్తే ఎడం.

అక్షరం_ముక్క:
అక్షరాలు విడిగా ప్రింట్ చెయ్యొద్దు. కింద పసుపు పరిచి, నలుపులో అక్షరాల ఆకారం ఖాళీగా వదిలెయ్యండి. అక్షరాల్ని రంగు మీద రంగు కుదుర్చుకునే పనే ఉండదు. కాకపోతే నలుపు నాలుగు వైపులా లోపలికి పారుతుంది కాబట్టి ఒత్తులూ సున్నాలూ ముందే కాస్త లావు చెయ్యాలి. 30 అడుగుల నుంచి చదవాలంటే ఒత్తు కాకుండా అక్షరం 3 అంగుళాలుండాలి, అంటే 10 అడుగులకో అంగుళం. ఇంగ్లిష్‌కి సరిపోయే వరస ఎడం మనకి చాలదు, ‘ప్పు’ కింది వరసని తగులుతుంది.

నాగావళి_గట్టు:
నలుపులో సూదిమొన చుక్కలు పడుతున్నాయి, అదెందుకు?

మెష్_మాస్టర్:
మెష్ మీద దుమ్ము, లేదా ఇంకు లోపలే ఆరిపోవడం. ప్రతి ప్రింట్ తరవాత స్క్వీజీతో (ఇంకు లాగే రబ్బరు పలక) ఒత్తకుండా ఇంకు ఒకసారి పరచండి. ఫ్యాన్ గాలి ఫ్రేము మీదికి తగలనివ్వకండి.