500 లీటర్ల చిన్న క్రాఫ్ట్ బ్రూవరీ: ఏది ముందు, ఏది తర్వాత?

కొత్త_మాల్ట్:
అందరికీ నమస్కారం. 500 లీటర్ల బ్రూహౌస్‌తో చిన్న క్రాఫ్ట్ బ్రూవరీ పెట్టే ఆలోచనలో ఉన్నాను. మాష్ (మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టడం), లాటర్ (అందులోంచి తీపి రసం వడకట్టడం) కలిపి ఒక పాత్ర. కెటిల్ (ఆ రసాన్ని మరిగించేది), వర్ల్‌పూల్ (సుడి తిప్పి మడ్డి తేర్చేది) కలిపి ఇంకొకటి. 500 లీటర్ల ఫెర్మెంటర్లు (పులియబెట్టే ట్యాంకులు) నాలుగు, బ్రైట్ ట్యాంకు (పులిసి తేరిన బీరు ఉంచేది) ఒకటి. వేడి మొత్తం కరెంటుతోనే. సరుకు ఎక్కువ భాగం అక్కడే ట్యాప్‌రూమ్‌లో (కూర్చుని తాగే గదిలో) అమ్మి, మిగిలింది కెగ్గుల్లో (స్టీలు పీపాల్లో) బయటికి పంపాలని.

బీరు చేయడం వచ్చు, దాన్ని తయారుచేసే చోటు కట్టడం మాత్రం కొత్త. అడగాల్సినవి మూడు. లైసెన్సు, బిల్డింగు, మెషీన్లు ఈ మూడింట్లో ఏది ముందు? ఎనిమిది రకాల బీర్లు పెట్టాలంటే నాలుగు ఫెర్మెంటర్లు సరిపోతాయా? ఎక్కువమంది ఎక్కడ దెబ్బతింటారు?

ఫైళ్లమోత:
మూడింటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీరు చూసిన బిల్డింగులో మద్యం తయారీకి అనుమతి ఇస్తారా లేదా అన్నది స్థానిక సంస్థ నుంచి, ఎక్సైజ్ శాఖ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. నోటిమాట పనికిరాదు. జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏ పని చేయొచ్చన్న నిబంధన) కుదరకపోతే మిగతా కాగితాలన్నీ వృథా.

ఆ తర్వాత లీజు. అందులో రెండు షరతులు ఉండి తీరాలి. లైసెన్సు రాకపోతే ఒప్పందం రద్దయి అడ్వాన్సు వెనక్కి రావాలి. నేల తవ్వి డ్రెయిన్లు వేయడానికి, గోడలకు, కప్పుకు రంధ్రాలు పెట్టడానికి ఓనర్ ఒప్పుకోవాలి. చాలామంది మొదటిదే రాయించుకుంటారు. రెండోది లేకపోతే పని మధ్యలో ఆగుతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. చాలాచోట్ల ట్యాంకులు బిగించి, మీటర్లు పెట్టి, గదులు పూర్తయ్యాకే తనిఖీకి వస్తారు. తనిఖీ అయ్యాకే లైసెన్సు. అంటే ఒక్క గ్లాసు అమ్మకుండానే అద్దె, అప్పు మీద వడ్డీ, జీతాలు నెలల తరబడి నడుస్తాయి. ఆరు నెలల ఖర్చు విడిగా పక్కన పెట్టనివాళ్లు సరిగ్గా బీరు బయటికొచ్చే సమయానికి మాల్ట్ కొనడానికి డబ్బు లేక నిలబడిపోతారు.

డ్రాయింగు ఇచ్చాక ట్యాంకు జరపాలని, గోడ మార్చాలని అనిపిస్తే ముందు సవరించిన ప్లాన్ ఇచ్చి, ఆమోదం వచ్చాకే కదపండి. కాగితం మీద ఒకటి, నేల మీద ఒకటి ఉంటే ఫైలు మొదటికొస్తుంది. ఫైర్, ఆహార భద్రత, మురుగునీటి అనుమతి, తూనికలు కొలతలు, లేబుల్ ఆమోదం ఒకదాని వెనక ఒకటిగా కాకుండా పక్కపక్కనే నడిపించండి. పన్ను ఎప్పుడు పడుతుందో కూడా ముందే కనుక్కోండి. తయారైనప్పుడా, గేటు దాటినప్పుడా? పారబోసిన బ్యాచ్‌కి మినహాయింపు ఉంటే దానికి ఏ రుజువు చూపాలి?

ట్యాంకులెక్క:
రెండో ప్రశ్నకి లెక్కతోనే జవాబు.

ఏల్ (వెచ్చగా, త్వరగా పులిసే బీరు) అయితే వర్ట్ (ఇంకా పులియని తీపి రసం) దిగినప్పటి నుంచి ట్యాంకు ఖాళీ అయ్యేదాకా రెండు వారాలని అందరూ కాగితం మీద వేసుకుంటారు. డ్రై హాపింగ్ (సువాసన కోసం హాప్స్ పూలని ఫెర్మెంటర్‌లోనే వేయడం), చల్లబరచడం, బ్రైట్ ట్యాంకు కోసం ఎదురుచూపు, కడగడం అన్నీ కలిపితే మూడు వారాలనుకోవడం క్షేమం. ఏడాదికి ఒక్కో ట్యాంకు 17 సార్లు తిరుగుతుంది. నాలుగు ట్యాంకులు, 500 లీటర్లు చొప్పున 34,000 లీటర్లు. మడ్డిలో, యీస్టులో, పైపుల్లో, కెగ్గులు నింపేటప్పుడు పోయేది 12 శాతం వేసుకోండి (హాప్స్ దట్టంగా వేసే బీర్లలో 20 దాకా పోతుంది). చేతికొచ్చేది సుమారు 30,000 లీటర్లు, వారానికి 575. మీ అద్దె, జీతాలు, అప్పు ఈ 575 లీటర్ల మీద గడుస్తాయా అన్నదే అసలు ప్రశ్న. లాగర్ (చల్లగా, నెమ్మదిగా పులిసే బీరు) పెడితే ఆ ట్యాంకు ఐదారు వారాలు కదలదు, దాని వాటా సగమైపోతుంది.

ఎనిమిది రకాలు మర్చిపోండి. నాలుగుతో మొదలుపెట్టండి, వాటిలో ఎక్కువ పోయేదాన్ని రెండు ట్యాంకుల్లో వేయండి.

ఇంకో మాట. నాలుగు 500ల బదులు రెండు 500లు, రెండు 1000లు తీసుకోండి. 1000 లీటర్లది ఒకేరోజు రెండు బ్రూలతో నింపొచ్చు; యీస్టు మాత్రం మొత్తం 1000 లీటర్లకు సరిపడా మొదటి బ్రూతోనే వేసేయాలి. ట్యాంకు ఖరీదు పరిమాణంతో పాటు అంతే నిష్పత్తిలో పెరగదు, కడిగే పని దాదాపు అంతే. కొనేటప్పుడు మొత్తం ఘనపరిమాణం చెబుతున్నారా, పనికొచ్చేది చెబుతున్నారా అని అడగండి. నురగకి పైన 20 నుంచి 25 శాతం ఖాళీ కావాలి. "1000 లీటర్ల ట్యాంకు" అని అమ్మేదాంట్లో 800 మాత్రమే పట్టే సందర్భాలున్నాయి.

ఫిట్టింగుల సంగతి: బ్రూహౌస్ ఒకచోట, ట్యాంకులు ఇంకోచోట కొంటే ఒకదానికి ట్రై-క్లాంప్ (పట్టీతో బిగించేది), ఒకదానికి డిన్ (జర్మన్ ప్రమాణం) మరలు వస్తాయి. ఆర్డరులోనే ఒకే రకం, ఒకే సైజు రాయించండి. లేకపోతే ప్రతి హోసుకీ ఒక అడాప్టరు, ప్రతి అడాప్టరుకీ రెండు గాస్కెట్లు, అక్కడ మురికి చేరే సందులు.

తడినేల:
మూడో ప్రశ్నకి నా జవాబు: నేల.

500 లీటర్ల బీరుకి కడుగుళ్లతో కలిపి 3,000 నుంచి 4,000 లీటర్ల నీళ్లు పడతాయి. బీరులోకి వెళ్లింది, ఆవిరైంది, పిప్పితో పోయింది తీసేస్తే మిగిలినదంతా డ్రెయిన్‌లోకే. మీటరుకి 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. మధ్యలో ఒక గుండ్రటి జాలీ చాలదు, ట్యాంకుల వరస ముందు పొడవునా కాలువ కావాలి. మామూలు ఎపాక్సీ పూత వేయించకండి. ఉడుకుతున్న నీళ్లు ఒకసారి, చన్నీళ్లు ఒకసారి, ఆమ్లం ఒకసారి పడుతుంటే అది పెచ్చులుగా లేచిపోతుంది, కింద తేమ చేరి కుళ్లు వాసన మొదలవుతుంది. పాలీయురేథేన్ సిమెంటు వేయించండి. ఖరీదెక్కువే. కానీ ట్యాంకులు నిలబెట్టాక నేల మళ్లీ వేయడం అయ్యే పని కాదు. నిండిన 1000 లీటర్ల ట్యాంకు దాదాపు 1.3 టన్నులు, ఆ బరువంతా నాలుగు చిన్న పాదాల మీద పడుతుంది. స్లాబు మందం ఇంజనీరుకి చూపించండి.

యీస్టు, మడ్డి కాలువలోకి వదలకండి. వాటి బీఓడీ (కుళ్లేటప్పుడు నీళ్లలోంచి లాగే ఆక్సిజన్) లీటరుకి లక్ష మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఇళ్ల మురుగుది కొన్ని వందలే. మురుగు పరీక్షలో దొరికిపోయేది ఇక్కడే. విడిగా డ్రమ్ముల్లో పట్టండి. 100 కిలోల మాల్ట్‌కి తడిపిప్పి 100 నుంచి 120 కిలోలు వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పులిసి ఈగలు ముసురుతాయి. పశువులకి తీసుకెళ్లేవాళ్లతో ముందే మాట్లాడుకోండి, అదే రోజు ఎత్తాలి. బతికున్న యీస్టుని మాత్రం వేడిచేసి చంపకుండా పశువులకి పెట్టకూడదు.

ఇక ప్రాణం మీదికొచ్చే విషయం. పులిసే బీరు 100 లీటర్లకి దాదాపు 4 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గాలికంటే బరువు, నేలమట్టానికి చేరుతుంది. ఫెర్మెంటర్ల దగ్గర, కోల్డ్ రూమ్‌లో మీటరు ఉండాలి, 0.5 శాతం దగ్గర అలారం మోగాలి. ఖాళీ ట్యాంకులోకి తల పెట్టి చూడటం అలవాటు చేసుకోవద్దు.

కొత్త_మాల్ట్:
చాలా థాంక్సండీ, నేల సంగతి నా లిస్టులోనే లేదు. చిల్లర్ గురించి ఎవరైనా చెబుతారా? ఒకరు 3 కిలోవాట్లు చాలంటున్నారు, ఇంకొకరు 10 తక్కువ కాకూడదంటున్నారు. మూడు రెట్లు తేడా ఎందుకు?

ట్యాంకులెక్క:
ఇద్దరి మాటా నిజమే కావొచ్చు. వర్ట్‌ని దేంతో చల్లబరుస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది.

పులిసేటప్పుడు పుట్టే వేడి మీరనుకున్నంత లేదు. 12 ప్లేటో (బరువులో దాదాపు 12 శాతం చక్కెరలున్న) వర్ట్ 500 లీటర్లు పూర్తిగా పులిస్తే 7 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) వేడి, అదీ మూడు నాలుగు రోజుల మీద. 20 డిగ్రీల నుంచి 2కి దించడానికి పదిన్నర యూనిట్లు. 24 గంటల్లో చేస్తే అర కిలోవాటు లోపే. కానీ ఉడికిన వర్ట్‌ని 95 నుంచి 20కి తేవాలంటే 44 యూనిట్లు, ముప్పావు గంటలో! మామూలు నీళ్లతో 30 దాకా దించి, మిగతా పది డిగ్రీలు నేరుగా గ్లైకాల్‌తో (చిల్లర్ చల్లబరిచి తిప్పే, గడ్డకట్టని ద్రవంతో) దించితే ఆ ముప్పావు గంట చిల్లర్ మీద దాదాపు 8 కిలోవాట్ల భారం.

దీనికి విరుగుడు చన్నీళ్ల ట్యాంకు. ముందురోజు రాత్రి 700 లీటర్లు 28 నుంచి 6 డిగ్రీలకి దించిపెట్టుకుంటే 12 గంటల మీద కిలోవాటున్నరే పడుతుంది. పొద్దున ఆ నీళ్లనే ప్లేట్ ఎక్స్‌ఛేంజర్‌లో (పలకల మధ్య వేడి మార్పిడి చేసే పరికరంలో) పంపితే వర్ట్ 20కి దిగుతుంది, నీళ్లు 60 డిగ్రీల వేడితో బయటికొచ్చి వేడినీళ్ల ట్యాంకులో చేరి తర్వాతి బ్రూకి పనికొస్తాయి. చన్నీళ్ల ట్యాంకు ఉంటే మీకు 4 కిలోవాట్ల చిల్లర్ ధారాళం. ఆ 4 కూడా గ్లైకాల్ మైనస్ 3 దగ్గర, మీ దగ్గర ఉండే ఎండాకాలపు వేడిలో ఇవ్వాలి. బ్రోచర్‌లో ఉండేది వెచ్చటి నీళ్ల మీద కొలిచిన సంఖ్య, చల్లగా నడిపేకొద్దీ అది బాగా తగ్గుతుంది. గ్లైకాల్ ఆహార శ్రేణి ప్రొపిలీన్‌దే, 30 నుంచి 35 శాతం కలపండి. ఎథిలీన్‌ది విషం, ఎంత చవకైనా వద్దు.

కరెంటు కూడా చూసుకోండి. కెటిల్‌కి 36 కిలోవాట్లంటే 400 వోల్టుల మూడు ఫేజుల మీద 52 ఆంపియర్లు. వేడినీళ్ల ట్యాంకు, చిల్లర్, పంపులు దీనికి అదనం. కనెక్షన్ పెంచడానికి పట్టే సమయం మెషీన్లు రావడానికి పట్టే సమయంకంటే ఎక్కువైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. లీజు సంతకం పెట్టిన రోజే దరఖాస్తు పెట్టండి.

కెగ్గుబండి:
కొంచెం అడ్డం మాట్లాడతాను. నేల, చిల్లర్ అన్నీ నిజమే. కానీ మూతపడేవి ఎక్కువగా అమ్మకం దగ్గర మూతపడతాయి. బయట బారుల్లో ఒక ట్యాపు (బీరు కుళాయి) పట్టుకోవాలంటే మూడు కెగ్గులు కావాలి: ఒకటి అక్కడ కారుతూ, ఒకటి మీ కోల్డ్ రూమ్‌లో నిండుగా, ఒకటి ఖాళీగా దారిలోనో కడగడానికో. ఇరవై ట్యాపులంటే అరవై కెగ్గులు, వ్యాను, డ్రైవరు, బాకీల వసూలు. ఖర్చు తడిసి మోపెడవుతుంది, లీటరు మీద మిగిలేది ట్యాప్‌రూమ్‌లో మిగిలేదాంట్లో చిన్న ముక్క. మొదటి ఏడాది బయటి అమ్మకం ఐదారు చోట్లకు మించనివ్వకండి.

క్యాన్ల లైను ఇప్పుడే అసలొద్దు. నింపాక క్యాన్‌లో ఆక్సిజన్ 100 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 100) లోపు పట్టుకోలేకపోతే హాప్స్ బీరు కొన్ని వారాల్లోనే తడి అట్టపెట్టె వాసనకి వస్తుంది, రంగు ముదురుతుంది. కొలిచే మీటరే చాలా ఖరీదు. అదీగాక డ్రై హాప్స్ పడ్డాక హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన చక్కెరల్ని విడగొడతాయి, బీరు మళ్లీ పులియడం మొదలుపెడుతుంది. గ్రావిటీ (చక్కెర ఎంత మిగిలిందో చెప్పే సాంద్రత) మూడు రోజులు వరసగా కదలకుండా ఉందని చూడకుండా మూత బిగిస్తే క్యాన్లు ఉబ్బి పగులుతాయి.

లైసెన్సు వచ్చేలోపు వేరేవాళ్ల బ్రూవరీలో చట్టప్రకారం కాంట్రాక్టు మీద చేయించి పేరు జనంలోకి తేవడం కుదిరితే చేయండి.

ఫైళ్లమోత:
కాంట్రాక్టు మాట దగ్గర ఒప్పుకోను. కొన్నిచోట్ల దానికి కూడా విడి అనుమతి, విడి లేబుల్ ఆమోదం కావాలి. సొంత లైసెన్సు ఫైలు నడుస్తుండగా ఆ రెండో ఫైలు తలకెత్తుకుంటే రెండూ ఆలస్యమవుతాయి. ముందు అడిగి తెలుసుకుని దిగండి.

కొత్త_మాల్ట్:
సరే, బయటి ట్యాపులు ఐదుకే పరిమితం చేస్తాను, 1000 లీటర్లవి రెండు, చన్నీళ్ల ట్యాంకు ఒకటి ప్లాన్‌లో చేర్చాను. చివరిగా ఒకటి: మెషీన్లు దిగిన రోజు నుంచి మొదటి అమ్మకం దాకా ఏ క్రమంలో వెళ్లాలి?

తడినేల:
మొదట నీళ్లతో పూర్తి బ్రూ నడపండి. మాల్ట్ లేకుండా మాష్ నుంచి ఫెర్మెంటర్ దాకా అన్ని అడుగులూ. ఎక్కడ కారుతోంది, పంపు గాలి పీలుస్తోందా, 68 డిగ్రీల నుంచి మరుగు దాకా ఎంతసేపు పట్టింది (36 కిలోవాట్లకి 570 లీటర్లు 35 నుంచి 40 నిమిషాలు), థర్మామీటర్లు నిజం చెబుతున్నాయా అన్నీ రాసుకోండి. ఇది పూర్తయ్యేదాకా సప్లయర్‌కి చివరి విడత డబ్బు ఇవ్వకండి.

తర్వాత కొత్త స్టీలుకి జిడ్డు వదలగొట్టాలి. 2 శాతం కాస్టిక్ సోడా 70 డిగ్రీల దగ్గర అరగంట తిప్పి, కడిగి, నైట్రిక్ లేదా సిట్రిక్ ఆమ్లంతో పాసివేషన్ (స్టీలు మీద తుప్పుపట్టని పొర ఏర్పరచడం) చేయండి. ఇది మానేస్తే మొదటి బీర్లకి ఇనుము రుచి వస్తుంది. రోజువారీ కడుగుడు కూడా ఇదే వరస, చివర పెరాసిటిక్ ఆమ్లం 150 నుంచి 200 పీపీఎం.

ఒక్క హెచ్చరిక. వేడి కాస్టిక్ తిరిగిన ట్యాంకుని మూసిపెట్టి చన్నీళ్లు కొడితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి ట్యాంకు నలిగిపోతుంది. లోపలి నుంచి 1 బార్ తట్టుకునే ట్యాంకు బయటి ఒత్తిడికి చాలా తక్కువకే లొంగిపోతుంది. ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ ఉండగా కాస్టిక్ పోసినా అంతే. గ్యాసుని కాస్టిక్ పీల్చేసి శూన్యం ఏర్పడుతుంది, కాస్టిక్ బలమూ పోతుంది. ముందు గాలితో గ్యాసు వెళ్లగొట్టండి, పై మ్యాన్‌వే (ట్యాంకు పెద్ద మూత) తెరిచి ఉంచండి, వ్యాక్యూమ్ వాల్వు అంటుకుపోయిందేమో ప్రతిసారీ వేలితో నొక్కి చూడండి.

ఆ తర్వాతే మాల్ట్. 12 ప్లేటోకి 100 కిలోల దగ్గర మొదలుపెట్టండి, మిల్లు సందు 1.1 మిల్లీమీటర్లు. లాటర్ బిగుసుకుపోతే పంపు వేగం పెంచకండి. అది మాల్ట్ పొట్టు పడకను ఇంకా కిందికి లాగేస్తుంది. పంపు ఆపి, జల్లెడ పళ్లెం కింద నుంచి వేడినీళ్లు ఎక్కించి పడకని తేల్చి, పావుగంట ఆగి నెమ్మదిగా మళ్లీ తీయండి. పొడి యీస్టు మొదటి బ్యాచ్‌కి 300 నుంచి 400 గ్రాములు. చల్లబరచే ముందు ఒక శాంపిల్‌ని మూతపెట్టి 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, చల్లార్చి వాసన చూడండి. వెన్న వాసన వస్తే ఇంకో రెండు రోజులు వెచ్చగానే వదిలేయండి.

ఒకే బీరుని వరసగా మూడుసార్లు చేయండి. మొదటి గ్రావిటీ 0.2 ప్లేటోకి మించి తేడా రాకుండా, ట్యాంకులోకి దిగిన లీటర్లు ఒకేలా ఉంటేనే రెండో రెసిపీ ముట్టుకోండి. అమ్మకానికి తీసే బ్యాచ్ 2 డిగ్రీల దగ్గర 0.75 బార్ మీద నిలబడితే లీటరుకి 5 గ్రాముల దాకా గ్యాసు పడుతుంది. ట్యాపు దగ్గర నురగే వస్తోందంటే ముందు లైను వెచ్చబడిందేమో చూడండి, రెగ్యులేటర్ తిప్పేయకండి.