పెరోవ్‌స్కైట్ నానో స్ఫటికాలు: రంగు మార్పు పాలిమర్‌లో పొదగకముందా, పొదిగాకా?

ఎంవీపీ_స్పెక్ట్రా:
515 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా వెలిగే సీసియం లెడ్ బ్రోమైడ్ (ఒక పెరోవ్‌స్కైట్) నానో స్ఫటికాలను పీఎంఎంఏ అనే పారదర్శక ప్లాస్టిక్‌లో పొదిగి, ఆ పొరకు ట్రైమిథైల్‌సైలిల్ క్లోరైడ్ ఆవిరి పట్టించి, బ్రోమైడ్ స్థానంలో క్లోరైడ్ చేరేలా చేసి నీలానికి తేవాలని ఉంది. కొంత భాగానికి ఆవిరి తగలకుండా మాస్క్ పెడితే ఒకే పొర మీద రెండు రంగులు తీయొచ్చు. ముందే మార్చేయాలనేవాళ్లు కారణం చెప్పండి.

గాజువాక_పాలిమర్:
ముందే మార్చండి. పీఎంఎంఏలోకి క్లోరైడ్ చాలా నెమ్మదిగా దిగుతుంది. పైభాగం నీలమైనా అడుగు పచ్చగానే ఉండిపోయి, వర్ణపటంలో రెండు శిఖరాలు వస్తాయి. పైగా విశాఖ గాలిలోని తేమ తగిలితే ఆ ఆవిరి హైడ్రోక్లోరిక్ ఆమ్లమైపోతుంది, ఇక మోతాదు మన చేతిలో ఉండదు.

ద్రావణంలో అయితే పని సెకన్లలో అవుతుంది. టోలుయీన్‌లో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల స్ఫటికాలు తీసుకుని, కలియబెడుతూ ఒలైలమోనియం క్లోరైడ్ ద్రావణాన్ని చుక్కలుగా వేయండి. అతినీలలోహిత దీపం కింద కావలసిన రంగు రాగానే ఆపేయండి. మిథైల్ అసిటేట్‌తో ఒక్కసారి కడిగితే చాలు. ఎక్కువ కడిగితే స్ఫటికాల ఉపరితలాన్ని అంటిపెట్టుకుని కాపాడే ఒలైక్ ఆమ్లం, ఒలైలమీన్ ఊడిపోయి స్ఫటికాలు గుంపుకట్టేస్తాయి. ఆసిటోన్, ఇథనాల్ జోలికి వెళ్లొద్దు.

ఉపరితలం మీది ఆ రక్షణ పూత పట్టు గట్టిపడాలంటే డైడోడెసిల్ డైమిథైల్ అమ్మోనియం లవణం వాడండి. కానీ నీలానికి క్లోరైడ్ లవణమే తీసుకోవాలి. బ్రోమైడ్ లవణం వేస్తే రంగు మళ్లీ పచ్చ వైపు జరుగుతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

బీచ్‌రోడ్_ఎల్ఈడీ:
పొర మందం సంగతి వదిలేశారండీ. మైక్రాన్‌లోపు పొరకు అడుగుదాకా మార్పు అందే అవకాశం ఎక్కువ. రెండు రంగుల నమూనా కావాలంటే పొదిగాక మార్చడమే తేలిక. ఆవిరి మాస్క్ అంచు కిందికి పక్కకు కూడా పాకుతుంది కాబట్టి, పొర ఎంత పలచనైతే గీత అంత శుభ్రం. మార్పు పూర్తయిందో లేదో తేలాలంటే గాజుపలక పైనుంచి ఒకసారి, అడుగునుంచి ఒకసారి కాంతి వేసి వర్ణపటాలు పోల్చండి. ఇంకో మాట: పీఎంఎంఏ విద్యుత్ బంధకం. ఈ పొర నీలం లేదా అతినీలలోహిత చిప్ మీద రంగు మార్చడానికే తప్ప, నేరుగా కరెంటుతో వెలిగించడానికి పనికిరాదు.

గాజువాక_పాలిమర్:
నమూనా మటుకే కావాలంటే మీ దారి సరే. పలుచని పొరకు ఆవిరి పట్టించే ముందు డెసికేటర్‌లో (తేమ లేకుండా ఉంచే మూత పాత్రలో) సిలికా జెల్ మార్చి, గాలి తీసేయండి. పొర పోసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఈ ఉక్కపోతలో టోలుయీన్ గబగబా ఆవిరైతే ఉపరితలం చల్లబడి తేమ పేరుకుంటుంది, తెల్లటి మసక వస్తుంది. పెట్రీ పళ్లెం మూత కొద్దిగా తెరిచి, 40 డిగ్రీల దగ్గర నిదానంగా ఆరనివ్వండి. తేమ మరీ బాధిస్తే పాలీస్టైరీన్‌కు మారండి, అది పీఎంఎంఏ కంటే చాలా తక్కువ నీరు పీల్చుతుంది. కాకపోతే అతినీలలోహిత కాంతికి త్వరగా పసుపెక్కుతుంది.