మందు షాపు వద్దని పదవి వదిలేసిన మంత్రి: పాల్ ఒకాలిక్ చేసింది సబబేనా?

ఉత్తరాన ఒకడు (చర్చ మొదలుపెట్టింది నేనే):

కెనడా మ్యాపులో పైన తెల్లగా కనిపించే భాగంలో నునావుట్ అనే ప్రాంతం ఉంది. 1999 ఏప్రిల్ 1న వాయవ్య ప్రాంతాలు (నార్త్‌వెస్ట్ టెరిటరీస్) అనే పెద్ద ప్రాంతం నుంచి విడదీసి ఏర్పాటు చేశారు. విస్తీర్ణం దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. 2021 లెక్కల్లో జనం 36,858. మన దగ్గర ఓ చిన్న మండలంలో అంతమంది ఉంటారు. ఉన్నవి 25 ఊళ్లు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు, విమానం ఎక్కాల్సిందే. రాజధాని ఇకాలుయిట్‌లో నేను రెండు చలికాలాలు అకౌంట్స్ ఉద్యోగం చేశాను. నలుగురు కూచుంటే ఈ వాదన వచ్చేది. తేలేది కాదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

పాల్ ఒకాలిక్ 1964లో పాంగ్‌నిర్టుంగ్ అనే ఊళ్లో పుట్టిన ఇనుయిట్, అంటే అక్కడి ఆదివాసీ జాతివారు. కుర్రతనంలో తాగుడుకు అలవాటుపడి, చొరబాటు కేసులో జైలుకు కూడా వెళ్లారు. ఇది ప్రత్యర్థులు తవ్వి తీసింది కాదు, ఆయనే దాచకుండా చెప్పుకున్నది. తర్వాత మందు మానేసి, ఇనుయిట్ల భూహక్కుల చర్చల్లో పనిచేసి, అట్టావాలో లా చదివారు. నునావుట్‌లో లాయరైన మొదటి ఇనుయిట్ ఆయనే. 1999లోనే లాయరు, అదే ఏడాది ఎమ్మెల్యే, వెంటనే ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. అప్పటికి వయసు 34. ఆ కుర్చీలో 2008 దాకా ఉన్నారు.

ఇక గొడవ సంగతి. ఇకాలుయిట్‌లో మద్యం దుకాణాన్ని 1970ల్లోనే మూసేశారు. ఆ తర్వాత బార్లలో తాగొచ్చు, కెనడా దక్షిణ భాగం నుంచి ఆర్డరు పెట్టి విమానంలో తెప్పించుకోవచ్చు, కానీ ఊళ్లో సీసా కొని ఇంటికి పట్టుకెళ్లే షాపు మాత్రం లేదు. 2015 ఏప్రిల్‌లో బీరు, వైన్ షాపు తెరవాలా అని ఓటింగ్ పెడితే నాలుగింట మూడొంతుల మందికి పైగా సరే అన్నారు. అప్పటికి ఒకాలిక్ మళ్లీ గెలిచి మంత్రిగా ఉన్నారు. 2016 మార్చిలో రాజీనామా ఇచ్చేశారు. తాగుడు మాన్పించే చికిత్సా కేంద్రం ఒక్కటి కూడా లేని చోట ప్రభుత్వమే షాపు తెరవడమేంటన్నది ఆయన అభ్యంతరం.

నా మటుకు నాకు ఆయన చేసింది కరెక్టే. మీరేమంటారు?

లా పాయింటు:

తప్పు. అంతమంది ఓటేసి అడిగాక మంత్రి పని అమలు చేయడం, అలగడం కాదు. తాగుడుతో తను పడ్డ బాధ నిజమే కావచ్చు, దానికి దండం పెడతాను. కానీ ఒకడికి షుగరుందని పెళ్లిలో అందరి విస్తళ్లలోంచి జాంగ్రీ తీసేస్తామా?

ఇంకోటి. షాపు లేనంత మాత్రాన మందు లేదా? ఆర్డరు పెట్టేవాడు పెడుతూనే ఉన్నాడు, దొంగచాటుగా వోడ్కా అమ్మేవాడు అమ్ముతూనే ఉన్నాడు. బీరు, వైన్ మామూలుగా దొరికితే జనం ఆ ఘాటు సరుకు తగ్గిస్తారన్నది షాపు కావాలన్నవాళ్ల వాదన. అందులో తర్కం ఉంది.

కొత్త మెంబరు:

ఇంతకీ ఈయనది ఏ పార్టీ? హైకమాండ్ ఏమీ అనలేదా?

ఉత్తరాన ఒకడు:

@కొత్త మెంబరు, అసలు కిటుకు అక్కడే ఉంది. నునావుట్ శాసనసభలో పార్టీలే లేవు. 22 మంది సభ్యులూ ఎవరికి వారే గెలిచి వస్తారు. వచ్చాక వాళ్లలో వాళ్లే రహస్య ఓటుతో స్పీకర్‌ని, ప్రీమియర్‌ని, మంత్రుల్ని ఎన్నుకుంటారు. 1999లో అందరూ పేరున్న మాజీ ఎంపీ జాక్ అనావాక్ ప్రీమియర్ అవుతారనుకుంటే, పెట్టె తెరిచేసరికి ఒకాలిక్ పేరు వచ్చింది.

మన పంచాయతీ ఎన్నికలు కూడా కాగితం మీద పార్టీలు లేనివే కదా అనకండి. మన దగ్గర సర్పంచి గుర్తు కత్తెరైనా, ఉంగరమైనా, వెనక ఏ జెండా ఉందో ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. అక్కడ నిజంగానే జెండా ఉండదు.

నేనోసారి గ్యాలరీలో కూచుని చూశాను. సభ్యులు ఎదురెదురు బల్లల్లో కాదు, గుండ్రంగా కూచుంటారు. సీట్లకు సీల్ చర్మం. సభ రాజదండం నార్వాల్ అనే తిమింగలం దంతంతో చేసింది. ఒకాయన ఇనుయిట్ల భాష ఇనుక్టిటుట్‌లో మాట్లాడుతుంటే మాకు చెవిలో హెడ్‌సెట్ పెట్టి ఇంగ్లీషులో వినిపించారు. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగితే, ఆ మౌనాన్ని ఎవరూ తొందరపడి పూడ్చలేదు. మన అసెంబ్లీ లైవ్ చూసి పెరిగిన నాకు సౌండ్ పోయిందేమో అనిపించింది!

లా పాయింటు:

సీల్ చర్మం సంగతి బాగుంది గానీ, పార్టీ లేదంటే బాధ్యత కూడా లేనట్టే కదా. పార్టీ ఉంటే మేనిఫెస్టో ఉంటుంది, ఐదేళ్లకోసారి పట్టుకుని నిలదీస్తాం. అక్కడ ప్రీమియర్‌ని నేరుగా ఎన్నుకునే హక్కే ఓటరుకి లేదు.

ఉత్తరాన ఒకడు:

ఓటరుకు లేకపోయినా సభకు ఉంది. మంత్రుల కంటే మంత్రులు కాని సభ్యులే ఎప్పుడూ ఎక్కువమంది. అంటే ప్రభుత్వం రోజూ మైనారిటీలోనే బతకాలి. 2018 జూన్‌లో ప్రీమియర్ పాల్ క్వాసాను ఏడెనిమిది నెలలకే సభ్యులు ఓటేసి దించేశారు. ఆయన ఆషామాషీ మనిషి కూడా కాదు, 1993లో ఇనుయిట్ల తరఫున భూహక్కుల ఒప్పందం మీద సంతకం పెట్టినవారిలో ఒకరు. ఎమ్మెల్యేలను రిసార్టుకు తరలించకుండానే పని జరిగిపోయింది.

రాజీనామాకు దీనికి సంబంధం ఏంటంటే, పార్టీ లేకపోయినా మంత్రివర్గం మాత్రం ఒకే మాట మీద ఉండాలి. లోపల వద్దని, బయటికొచ్చి తల ఊపడం కుదరదు. ఆయనకున్న దారులు రెండే, నోరు మూసుకోవడం లేదా బయటికి రావడం. జనం ఓటును ఆయన ఆపలేదు, అడ్డం పడుకోలేదు. పక్కకు తప్పుకుని మామూలు ఎమ్మెల్యేగా మాట్లాడారు. అలగడం అంటే ఇదేనా?

నెల్లూరు పెద్దక్క:

తమ్ముళ్లూ, కాసేపు నన్ను మాట్లాడనివ్వండి. సారా ఉద్యమం నాటి మనిషిని నేను. 1992లో దూబగుంట నుంచి మొదలైనప్పుడు మా ఊళ్లో కూడా ఆడవాళ్లం చీపుళ్లు పట్టుకుని సారా కొట్టు ముందు కూచున్నాం. మగవాళ్లు ప్యాకెట్ మూల పళ్లతో చించి, పొలం గట్టు మీదే గుటుక్కున మింగి ఇంటికొచ్చేవాళ్లు. అప్పట్లో ఆ ఖాళీ ప్యాకెట్లు కాళ్లకు తగలకుండా బావి దగ్గరికి వెళ్లలేకపోయేవాళ్లం. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం నిషేధమే వచ్చింది. రెండేళ్లు దాటగానే 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్లలో ఏం జరిగిందో కూడా చూశాను. చాటుగా కాపు సారా, పక్క రాష్ట్రాల సరుకు, దొరికితే పోలీసులకు మామూళ్లు.

కాబట్టి షాపు మూసేస్తే మందు పోతుందంటే నేను నమ్మను. ఆ విషయంలో లా పాయింటు బాబుతోనే నేను. కానీ మా నాయకులు ఎంతమంది నిషేధం అని ఓట్లు అడిగి, తర్వాత ఆదాయం పోతుందని మాట మార్చారో లెక్క లేదు. ఒక్కడైనా కుర్చీ దిగాడా? ఈయన దిగాడు. అది చిన్న విషయమని నాకనిపించదు.

లా పాయింటు:

పెద్దక్కా, మీ మాటకు ఎదురు చెప్పను. కానీ ఒక్క ప్రశ్న. చికిత్సా కేంద్రం లేదని 2016లో పదవి వదిలాడు, సరే. 1999 నుంచి 2008 దాకా ప్రీమియర్ ఎవరు? అన్నేళ్లలో ఒక్క కేంద్రం ఎందుకు లేవలేదు? తన చేతిలో బడ్జెట్ ఉన్నప్పుడు పట్టని విషయం, మంత్రిగా ఉన్నప్పుడు మనస్సాక్షి అయ్యిందా?

పైగా కుర్చీ దిగడం ఆయనకు కొత్త కాదు. 2011లో లిబరల్ పార్టీ టికెట్ మీద కెనడా పార్లమెంటుకు (అక్కడ పార్టీలుంటాయి) పోటీ చేయడానికి ఎమ్మెల్యే పదవి వదిలేశాడు, ఓడిపోయాడు.

ఉత్తరాన ఒకడు:

ఇది గట్టి దెబ్బే, ఒప్పుకుంటున్నాను. తప్పించుకునే జవాబు నా దగ్గర లేదు. ఆ తొమ్మిదేళ్లలో పాలన మొత్తం సున్నా నుంచి కట్టాల్సి వచ్చిందన్నది నిజం. ఆఫీసులన్నీ రాజధానిలో పెట్టకుండా పది ఊళ్లకు పంచారు, ఇళ్లు లేవు, ఉద్యోగులు లేరు. దాంతో కొన్ని పెద్దవి పక్కన పడ్డాయి, కొన్ని అనవసరమైనవి ముందుకొచ్చాయి. మూడు టైమ్ జోన్ల ప్రాంతాన్ని 1999లో ఒకే టైముకు మార్చి, జనం గోల పెడితే 2001లో మళ్లీ మూడింటికి తిప్పారు!

2008లో ఆయన హయాంలోనే విద్యా చట్టం వచ్చింది. 2019 నాటికి అన్ని తరగతుల్లో ఇనుయిట్ భాషలో కూడా చదువు చెప్పాలని అందులో రాశారు. టీచర్లు దొరకలేదు. 2020లో ఆ గడువును పై తరగతులకు 2039 దాకా జరిపారు. కాబట్టి ఆయన్ని దేవుణ్ణి చేయట్లేదు. ఒప్పుకున్నవన్నీ జరగలేదు. కానీ అప్పుడు చేయలేదు కాబట్టి ఇప్పుడు కూడా మాట్లాడకూడదంటే మాత్రం ఒప్పుకోను.

కొత్త మెంబరు:

షాపు చివరికి తెరిచారా? ఆయన ఏమయ్యారు?

ఉత్తరాన ఒకడు:

2017 సెప్టెంబరులో తెరిచారు. ఓ సాయంత్రం నేనూ క్యూలో నిలబడ్డాను. మైనస్ ముప్పై, ముందాయన కనుబొమ్మల మీద మంచు పొరలా పేరుకుంది, అయినా ఎవరూ కదల్లేదు. నేను రెండు బీర్లు కొనుక్కుని, ఈ చర్చ గుర్తొచ్చి కాస్త సిగ్గుపడ్డ మాట నిజం.

అక్టోబరు చివర్లో ఎన్నికలు వచ్చాయి. ఇకాలుయిట్-సినా స్థానంలో ఒకాలిక్ ఓడిపోయారు.

లా పాయింటు:

అదిగో తీర్పు. షాపు తెరిచి రెండు నెలలు తిరక్కుండానే.

ఉత్తరాన ఒకడు:

అంత తేలిగ్గా లెక్క కట్టకండి. గెలిచినావిడ ఎలిసాపీ షుటియాపిక్, ఆ ఊరి మాజీ మేయరు. అందరికీ తెలిసిన మనిషి. పార్టీ గుర్తే లేని చోట మందు షాపు మీద ఎన్ని ఓట్లు పడ్డాయో, మనిషి మీద ఎన్ని పడ్డాయో ఎలా విడదీస్తారు?

నెల్లూరు పెద్దక్క:

తమ్ముడూ, ఆయన పుట్టిన ఊళ్లో పరిస్థితేంటి? అక్కడా షాపు పెట్టారా?

ఉత్తరాన ఒకడు:

లేదక్కా. అక్కడ ఏ ఊరికా ఊరు ఓటేసి తేల్చుకోవచ్చు. కొన్ని ఊళ్లు కమిటీ పెట్టి ఎవరికెంత అని చూస్తాయి, కొన్ని పూర్తిగా వద్దంటాయి. పాంగ్‌నిర్టుంగ్ వద్దన్న ఊరే. నేనున్నన్నాళ్లూ అక్కడ నిషేధమే.

లా పాయింటు:

నిషేధం సరే. మరి మందు?

ఉత్తరాన ఒకడు:

దొరికేది. చాటుగా, నాలుగైదు రెట్లు ధర పెట్టి. అక్క కాపు సారా అన్నప్పుడే నాకు ఆ ఊరు గుర్తొచ్చింది.