అన్నిటికీ ఒకే సైకిల్: బీచ్ రోడ్డుకీ అరకు ఘాట్‌కీ కుదురుతుందా?

మద్దిలపాలెం పెడల్
రోజూ గాజువాక నుంచి మద్దిలపాలెం, ఆదివారం ఆర్కే బీచ్ నుంచి భీమిలి, ఏడాదికి రెండుసార్లు అరకు, వీలైతే వంజంగి వైపు మట్టిబాటలు. ఇదీ వాడకం. ఫ్లాట్‌లో ఒక్క సైకిల్‌కే చోటుంది. గ్రావెల్ బైక్ (వంగిన డ్రాప్ హ్యాండిల్, లావు టైర్లతో మట్టిబాటకీ పనికొచ్చేది) తీసుకోమని కొందరు, హైబ్రిడ్ (తిన్నని హ్యాండిల్ ఉన్నది) చాలని కొందరు. ఏది కొనాలి? బరువు 75 కిలోలు.

ఘాట్ గేరు
ఒకే సైకిల్ సరిపోతుంది గురూ, ఒకే టైరు మాత్రం సరిపోదు. గ్రావెల్ తీసుకోండి. ముందు ఫోర్కులో, వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే చైన్‌స్టే గొట్టాల మధ్య ఎంత లావు టైరు పడుతుందో చూడండి. 700×42 (42 మి.మీ. వెడల్పు) టైరు వేశాక కూడా ఒక్కో పక్క 5-6 మి.మీ. ఖాళీ ఉండాలి. తడిసిన ఎర్రమట్టి టైరుకి అంటుకుని సరిగ్గా అక్కడే ముద్ద కడుతుంది. సందు చాలకపోతే చక్రం బిగుసుకుపోతుంది, ఫ్రేము పెయింటూ గీసుకుపోతుంది.

తర్వాత రెండో జత చక్రాలకి డబ్బు దాచుకోండి. ఒక జతకి 32 మి.మీ. నున్నటి టైర్లు, రెండో జతకి 40 మి.మీ. గుబ్బల టైర్లు. రిమ్ లోపలి వెడల్పు 21-23 మి.మీ. ఉంటే రెండూ బాగా కూర్చుంటాయి.

చైన్ లింకు
రెండు జతలు అనగానే అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. ఒక క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) మీదే నెలల తరబడి తిరిగి సాగిన చైన్, రెండో జత మీదున్న కొత్త క్యాసెట్‌పై జారుతుంది. అదీ ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కినప్పుడే! వెనక 11, 12 పళ్లచక్రాలున్న సైకిళ్లకి చైన్ గేజ్ (చైన్ ఎంత సాగిందో కొలిచే పనిముట్టు) 0.5 గుర్తు దగ్గర దిగిందంటే చైన్ మార్చేయాలి. రెండు జతల్నీ తిప్పితిప్పి వాడాలి.

ఇంకోటి, చక్రం మార్చగానే బ్రేక్ ప్యాడ్ రాసుకుంటోందని ప్రతిసారీ కాలిపర్ (ప్యాడ్లని పట్టుకునే బ్రేక్ భాగం) కదపకండి. రోటర్ (బ్రేక్ పళ్లెం) ఆరు బోల్టులది అయితే దాని కింద 0.2 మి.మీ. షిమ్‌లు (పల్చటి రేకు ముక్కలు) వేసి రెండు జతల రోటర్లనీ ఒకే వరసకి తెచ్చుకోండి. ఒక్కసారి కుదిరిందంటే చక్రాల మార్పు ఐదు నిమిషాల పని.

సాగరతీర సవారి
బీచ్ రోడ్డుకి మాత్రం హైబ్రిడ్ తిన్నని హ్యాండిల్ ఇబ్బందే. ఎండాకాలంలో గాలి నైరుతి నుంచి. భీమిలి వెళ్లేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు రుషికొండ దాకా మొహం మీదే. డ్రాప్ హ్యాండిల్ ఉంటే కిందికి వంగొచ్చు.

ఘాట్ గేరు
అరకుకి గేర్ల లెక్క చూడండి. శృంగవరపుకోట దాటాక ఎక్కుడు అంత త్వరగా తెగదు. రోడ్ బైక్‌లో ముందు 34 పళ్లు, వెనక 28 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకి సైకిల్ దాదాపు 2.5 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కాలంటే గంటకి 9 కి.మీ. వేగం నిలబెట్టాలి. అది కుదరకపోతే మోకాళ్ల మీద పడుతుంది. ముందు 30, వెనక 34 అయితే అవే 60 చుట్లకి గంటకి 7 కి.మీ. చాలు. ముందు 40 పళ్ల చక్రం ఒక్కటే, వెనక 11 నుంచి 42 పళ్ల దాకా ఉన్నా పర్లేదు. దిగేటప్పుడు నిమిషానికి 90 చుట్లకి గంటకి 43 కి.మీ. వస్తుంది. కాకపోతే గేర్ల మధ్య దూరం ఎక్కువ కాబట్టి వేగంగా పోయే గుంపులో లయ తప్పుతుంది.

దిగుడులో బ్రేక్ అదేపనిగా పట్టుకోవద్దు. మలుపుకి ముందు గట్టిగా నొక్కి వదలాలి, రోటర్‌కి చల్లారే వ్యవధి ఇవ్వాలి. ప్యాడ్ మందం 0.5 మి.మీ.కి దగ్గరపడితే ఆ ఘాట్‌కి వెళ్లకండి.

రాళ్లబాట
ఇక్కడ నాది వేరే మాట. వంజంగి వైపు వానకి కోసుకుపోయి రాళ్లు తేలిన బాటలుంటాయి. అలాంటి చోట గ్రావెల్ బైక్‌తో దిగితే మణికట్లు పట్టేస్తాయి, రిమ్ సొట్టపోతుంది. అది ముందు సస్పెన్షన్ ఉన్న ఎంటీబీ (మౌంటెన్ బైక్) పని. "అన్నిటికీ" అన్న మాటలోంచి దాన్ని తీసేసి కొనండి. గట్టిపడిన మట్టిరోడ్డు వరకే గ్రావెల్.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం ఏ సైకిలూ ఎక్కించకండి. గుల్ల నేల అది, టైరు గాడి పడితే వానకి అదే కాలవైపోతుంది.

చైన్ లింకు
విశాఖలో సైకిల్‌ని తినేది రోడ్డు కాదు, ఉప్పుగాలి. ఆదివారం తొక్కి అలాగే పెడితే మర్నాటికి చైన్ లింకుల అంచున నారింజ రంగు చుక్కలు. స్పోకుని రిమ్‌కి బిగించే నిపుల్ దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే అల్యూమినియం తినేస్తోందని అర్థం. రెండో జత కట్టించేటప్పుడు ఇత్తడి నిపుల్స్ అడగండి, బరువు కాస్త పెరిగినా నష్టం లేదు.

ఇంటికి రాగానే మగ్గుతో మంచినీళ్లు పోయండి. ప్రెషర్ వాషర్ వద్దు, బేరింగుల్లోకి నీళ్లు తోస్తుంది. గుడ్డతో తుడిచి, ఒక్కో రోలర్‌కి ఒక్కో చుక్క నూనె. కాసేపాగి పైనున్నదంతా తుడిచేయాలి. తుడవకపోతే పోర్టు వైపు ఎగిరే నల్లదుమ్ము దానికి పట్టి ఆకురాయిలా అరగదీస్తుంది. రెండు నెలలకోసారి సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) బయటికి తీసి గ్రీజు రాయండి. స్టీలు ఫ్రేములో అల్యూమినియం పోస్ట్ ఒకసారి పట్టేసిందంటే ఇక బయటికి రావడం కష్టం. కార్బన్‌ది అయితే గ్రీజు కాదు, కార్బన్ పేస్టు.

మద్దిలపాలెం పెడల్
గాలి ఎంత పెట్టాలి? ట్యూబ్‌లెస్ అవసరమా?

రాళ్లబాట
మీ బరువుకి 32 టైరుకి వెనక 60 పీఎస్‌ఐ, ముందు 55తో మొదలుపెట్టండి. 40 టైరుకి వెనక 36, ముందు 33. మట్టిలో ఇంకో మూడు తగ్గించవచ్చు, రిమ్ రాయికి తగిలిన చప్పుడొస్తే తగ్గించింది ఎక్కువైందన్నమాట. గాజువాక రోడ్డులో లారీల కింద నలిగిన ఇనుప ముక్కలుంటాయి కాబట్టి ట్యూబ్‌లెస్ మంచిదే. 40 టైరుకి 60 మి.లీ. సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) పోయండి. మన వేడికి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. టైరు ఊపితే లోపల కదిలిన చప్పుడు రాకపోతే మళ్లీ పోయాలి. సంచిలో ఒక ట్యూబ్ మాత్రం తప్పకుండా ఉంచండి.

సాగరతీర సవారి
ఆఫీసుకి కూడా అదే సైకిల్ కాబట్టి ఫ్రేముకి క్యారియర్, మడ్‌గార్డ్ బిగించే రంధ్రాలున్నాయో లేదో షాపులోనే చూడండి. ఉన్నాయంటే 40 టైరు మీద మడ్‌గార్డ్ పడుతుందా అని కూడా అడగండి. చాలావాటికి మడ్‌గార్డ్‌తో 35 దగ్గరే ఆగిపోతుంది.