జలవిద్యుత్ ఆనకట్ట రూపకల్పనలో పవిత్ర స్థలాలను ఏ దశలో లెక్కలోకి తీసుకోవాలి?

ప్రశ్న: లంకసీమ (అమలాపురం)

సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పెద్ద నదిపై జలవిద్యుత్ ఆనకట్ట రూపకల్పనను ప్రాజెక్టు పనిగా ఎంచుకుని, ఉదాహరణగా పోలవరాన్ని తీసుకున్నాను. దాని పూర్తి జలమట్టం 45.72 మీటర్లు, నిల్వ సుమారు 194.6 టీఎంసీలు, విద్యుత్ కేంద్రం సామర్థ్యం 960 మెగావాట్లు. వరద నీటిని కిందికి వదిలే స్పిల్‌వేను 48 గేట్లతో 50 లక్షల క్యూసెక్కుల వరదకు తగినట్లు రూపొందించారు. ఇవన్నీ మా పుస్తకాల్లో మొదటే వస్తాయి. గుళ్లు, గ్రామదేవతల స్థలాలు, పూర్వీకుల సమాధులు మాత్రం చివరన, పునరావాసం దగ్గర వస్తాయి. ఈ వరుస సరైనదేనా? గుడిని మరోచోట కట్టించి ఇస్తే సరిపోతుందా?

జవాబు: గౌతమి గట్టు (రాజమహేంద్రవరం)

సరైనది కాదు. పూర్తి జలమట్టం ఖరారు కాకముందే ఈ స్థలాలు పటం మీదకు రావాలి. డ్యామ్ ఎక్కడ కట్టాలన్నది లోయ వెడల్పును, నదీగర్భంలోని రాతిని బట్టి తేలుతుంది కనుక దానిని ఇష్టానుసారం జరపలేము; జలమట్టాన్ని మాత్రం కొంతవరకు మార్చుకోవచ్చు. విద్యుత్తు ప్రవాహం మీద, నీరు పడే ఎత్తు మీద ఆధారపడుతుంది కాబట్టి మట్టం తగ్గిస్తే ఉత్పత్తీ నిల్వా తగ్గుతాయి. ఒక్కో మీటరుకు ఎంత విద్యుత్తు పోతుందో, ఏయే స్థలాలు మునగకుండా మిగులుతాయో ఒకే పట్టికలో వేసి చూపినప్పుడే నిర్ణయం తీసుకునేవారికి నిజమైన ఎంపిక ఉంటుంది.

ఇంకొకటి, ముంపు హద్దు కోసం కాంటూరు గీతను (పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతను) నమ్ముకోవద్దు. వరద సమయంలో జలాశయం ఉపరితలం సమంగా ఉండదు, ఎగువకు పోయేకొద్దీ మట్టం పెరుగుతుంది. పోలవరంలో కాఫర్ డ్యామ్ (నిర్మాణ సమయంలో నదిని మళ్లించే తాత్కాలిక కట్ట) కట్టిన తరువాత దేవీపట్నం మండలంలోని గండి పోచమ్మ ఆలయం వరదలకు మునుగుతుండడం మనమంతా చూస్తున్నదే. అందువల్ల ముంపు పటాన్ని వరద వెనుకజలాల లెక్కతో గీయాలి. క్వారీలు, మట్టి పారబోసే చోట్లు, రోడ్లు, విద్యుత్ లైన్ల విషయంలో ఇంజనీరుకు డ్యామ్ కంటే చాలా ఎక్కువ స్వేచ్ఛ ఉంటుంది. అక్కడ కూడా ఒక కొండదేవత స్థలాన్ని పేల్చివేశామంటే అది అవసరం కాదు, అశ్రద్ధ.

జవాబు: శాసనప్రియ (పాలకొల్లు)

తరలింపు గురించి. మన నేలపైనే అనుభవం ఉంది. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండమీద, అనుపులో తిరిగి నిర్మించారు. శ్రీశైలం ముంపు నుంచి, కృష్ణా తుంగభద్రల సంగమంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. రాళ్లకు అంకెలు వేసి విప్పి, అదే వరుసలో పేర్చడం శ్రమే గాని సాధ్యమైన పని. అయితే సంగమంలో వెలసిన దేవుడు సంగమానికి దూరమయ్యాడు. నంద్యాల జిల్లాలోని మరో సంగమేశ్వరాలయం మాత్రం తన చోటే ఉండిపోయి, శ్రీశైలం నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. భక్తులు ఆ కొద్దికాలం కోసమే ఎదురుచూస్తారు. ఏటా నానుతూ ఎండుతూ ఉండే రాతికట్టడానికి అది మంచిది కాదన్నది వేరే సంగతి.

జవాబు: మన్యం మాస్టారు (రంపచోడవరం)

పైవారు చెప్పినవి గోడలున్న గుళ్లు. కోయలు, కొండరెడ్లు కొలిచే చోట చాలాసార్లు ఒక చెట్టు, దాని కింద రాయి మాత్రమే ఉంటాయి. నష్టపరిహారం కోసం కట్టడాల విలువ కట్టే సర్వేలో అది ఎక్కడ నమోదవుతుంది? 2013 భూసేకరణ చట్టం మూడవ షెడ్యూలు పునరావాస కాలనీలో ప్రార్థనా స్థలం, రచ్చబండ ఉండాలంటుంది. భూమి పండుగ చేసుకునే ఆ నేలను మాత్రం కాలనీలో కట్టించలేరు. ఒడిశాలో ఆదివాసులు దేవుడిగా కొలిచే నియమగిరి కొండల గనుల కేసులో 2013లో సుప్రీంకోర్టు మతపరమైన హక్కుల ప్రశ్నను గ్రామసభలకే వదిలింది, పన్నెండు గ్రామసభలూ గనులు వద్దన్నాయి. మీ నివేదికలో ఆ తీర్పు ఉండాలి. ఊరి పూజారితో కలిసి నడిచి పటం వేయించండి; బయటివారికి చూపకూడని చోట్లుంటే చుక్క పెట్టకుండా విశాలమైన పరిధిగా గుర్తిస్తే చాలు.

లంకసీమ: కృతజ్ఞతలు మాస్టారూ. ఊరివారు చర్చించుకుని తరలింపుకే ఒప్పుకుంటే రూపకల్పనలో ఇంకేం మిగులుతుంది?

మన్యం మాస్టారు: జలాశయం నింపే కాలక్రమం మిగులుతుంది. దేవతను కదిలించే తంతు వారి పూజారే, వారు చెప్పిన నెలలోనే చేయాలి. అది ముగిసేదాకా మొదటి నింపుడు ఆ మట్టాన్ని దాటకూడదని గేట్ల నిర్వహణ నియమావళిలోనే వ్రాయండి. విడిగా ఇచ్చిన హామీ పత్రాన్ని వరద రోజున ఎవరూ తెరిచి చూడరు.