డిబేట్ పెడితే నలుగురే మాట్లాడుతున్నారు, మిగతా పిల్లల్ని ఎట్లా మాట్లాడించేది?

ప్రశ్న: ఒంగోలు దగ్గర, కొత్తపట్నం వైపు ఒక హైస్కూల్లో సోషల్ టీచరు

అందరికీ నమస్కారం. ఏడో తరగతికి క్లాస్ టీచర్ని. 38 మంది పిల్లలు. ఆగస్టులో క్లాసుని రెండు జట్లు చేసి "సెల్‌ఫోను మేలా, కీడా" అని డిబేట్ పెట్టాను. నలుగురు పిల్లలు ఇంటి దగ్గర రాయించుకొచ్చిన పేరాలు బట్టీపట్టి అప్పజెప్పారు. అయిదో అమ్మాయి మధ్యలో మర్చిపోయి అట్లాగే నిలబడిపోయింది. వెనక బెంచీల్లోంచి నవ్వులు. ఆ పిల్ల ఆ మధ్యాహ్నం అన్నం దగ్గరికి కూడా రాలేదు. మిగిలిన 33 మంది పని చప్పట్లు కొట్టడం వరకే.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. ఇదే పిల్లలు కబడ్డీలో గీత తొక్కాడా లేదా అని పావుగంట వాదించుకుంటారు. సాక్ష్యాలు కూడా తెస్తారు. ఒక పిల్లయితే సెలవు రోజుల్లో రేవులో వాళ్ళమ్మ పక్కన కూర్చుని చేపలు బేరమాడుతుంది, పెద్దవాళ్ళకి కూడా ఒక్క రూపాయి తగ్గదు. క్లాసులో లేపితే తల ఎత్తదు. మాట రాక కాదు గదా ఇది?

వారానికి ఒక పీరియడు, 40 నిమిషాలు దొరుకుతుంది. నవంబరు 14 లోపల ఏదైనా ఆటలాగా, పోటీలాగా చేయించాలని ఉంది. చేయించిన వాళ్ళుంటే దయచేసి వివరంగా చెప్పండి.

కావలి నుంచి, రిటైరైన హెడ్మాస్టరు

టీచర్ గారూ, తప్పు పిల్లలది కాదు. మీరిచ్చిన టాపిక్కుది. సెల్‌ఫోను మంచిదా చెడ్డదా అని మాస్టారు అడిగితే, మాస్టారికి ఏ జవాబు ఇష్టమో పిల్లలకు ముందే తెలుసు. ఇక అందులో వాదించడానికి ఏముంది? అప్పజెప్పడమే.

ఎవరూ రాసివ్వలేని సంగతి ఇవ్వండి. చేపల పులుసు వండిన రోజు రుచా, మర్నాడు రుచా? మా నెల్లూరు వైపు ఈ ఒక్క ప్రశ్న మీద ఇంటికో అభిప్రాయం ఉంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు తగ్గించొచ్చా? బడికి సైకిలు మేలా, నడక మేలా? టాపిక్కు ఆ పీరియడులోనే చెప్పండి, ముందురోజు చెప్పొద్దు.

ఇంకొకటి. సిగ్గుపడే పిల్లలకు వేషం ఇవ్వండి. "నువ్వు సర్పంచివి", "నువ్వు బస్సు కండక్టరువి" అంటే మాట వేషానిదవుతుంది, తప్పు దొర్లితే అదీ వేషానిదే అవుతుంది. మీ జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు గారు బారిస్టరు కాకముందు, ఒంగోల్లో చదువుకునే వయసులో నాటకాల్లో వేషాలు కట్టినవారే.

ఆత్మకూరు (నెల్లూరు జిల్లా) నుంచి, తెలుగు టీచరు

సార్ చెప్పింది నిజం. కానీ టాపిక్కు మారిస్తే సరిపోదు మేడమ్, మార్కులు వేసే పద్ధతి మారాలి. బాగా మాట్లాడినవాడికి మార్కులు వేస్తే, బాగా మాట్లాడేవాడే మాట్లాడతాడు. నేను ఆరేళ్ళుగా చేయిస్తున్నాను. మొదటి ఏడాది మీకు జరిగినట్టే నాకూ జరిగింది. అప్పటినుంచి ఒకటే పట్టుకున్నాను: ఎదుటివాళ్ళు ఏమన్నారో విని, చెడగొట్టకుండా చెప్పగలిగిన జట్టుకే ఎక్కువ మార్కులు. గొంతుకు, హావభావాలకు సున్నా. ఇది పెట్టినాక క్లాసు మారింది.

ముందు జట్లు. మీ 38 మందికి ఐదుగురేసి ఆరు జట్లు, నలుగురేసి రెండు జట్లు వస్తాయి. స్నేహితులంతా ఒకే జట్టులో చేరకుండా చీటీలు తీయించండి. ఒక్కొక్కరికి మూడు చింతపిక్కలు. ఒకసారి మాట్లాడితే ఒక పిక్క మధ్యలో పెట్టాలి. మూడూ అయిపోయినవాళ్ళు, జట్టులో అందరి పిక్కలూ అయ్యేదాకా నోరు మెదపకూడదు. మొదటి వారం చురుకైన పిల్లలు రెండు నిమిషాల్లో పిక్కలన్నీ ఖర్చు పెట్టేసి కూర్చుంటారు. తర్వాత చూడండి, పక్కన మౌనంగా ఉన్నవాడి చెవిలో "నువ్వు చెప్పరా, ఇట్లా చెప్పరా" అని బతిమాలడం మొదలుపెడతారు. నేను ఏడాదంతా బతిమాలినా పలకని పిల్లలు తోటివాడు బతిమాలితే పలికారు. పెద్ద పెద్ద వాక్యాలు అక్కర్లేదు. ఒక ప్రశ్న అడిగినా పిక్క చెల్లుతుంది. "ఫలానా అతను చెప్పింది నాకు నచ్చింది, ఎందుకంటే" అని ఒక్క కారణం చెప్పినా చెల్లుతుంది.

ఇప్పుడు అసలు ఆట. దీన్ని మేం రాయబారి ఆట అంటాం. తిక్కన గారి నేల మీద ఉన్నాం కాబట్టి ఉద్యోగపర్వమే గుర్తొచ్చింది నాకు. సంజయుడు ఇటు మాట అటు, అటు మాట ఇటు మోశాడు కదా. మోసేవాడు మాట చెడిపితే యుద్ధం ఒకరోజు ముందే వచ్చేది. పిల్లలకు ఈ కథ చెప్పి మొదలుపెట్టండి.

రెండు జట్లు ఎదురెదురు. ఒక్కో జట్టు తమ పక్షానికి రెండు కారణాలు ఆలోచించుకుని ఒక పలక మీద క్లుప్తంగా రాసి బోర్లా పెడుతుంది. పాత మార్కాపురం రాతిపలకలు మీ వైపు ఎవరి అటక మీదైనా ఉంటాయి, అవి భలే పనికొస్తాయి. ప్రతి జట్టు నుంచి ఒక రాయబారి అవతలి జట్టు దగ్గరికి వెళ్తాడు. వాళ్ళ కారణాలు వింటాడు. రాసుకోకూడదు, అర్థం కాకపోతే ఎన్ని ప్రశ్నలైనా వేయొచ్చు. తిరిగొచ్చి తన జట్టుకు అందరికీ వినబడేలా చెప్తాడు. అప్పుడు అవతలి జట్టు పలక తిప్పి చూపిస్తుంది. సరిపోతే 4 మార్కులు. తర్వాత ఆ కారణాలకు జవాబివ్వాలి, అందులో కారణం ఉంటే 3. జట్టులో అందరూ పిక్కలు వాడితే 3. మొత్తం 10.

పలక ఎందుకంటే, మొదట్లో పలక లేకుండా "మీరన్నది ఇదేనా?" అని అవతలి జట్టునే అడిగేదాన్ని. మార్కు పోతుందని "మేం అట్లా అనలేదు" అనేవాళ్ళు. పోటీ అన్నాక ఆ బుద్ధి పుడుతుంది, పిల్లల్ని తప్పు పట్టలేం. రాత ఉంటే ఆ తగవు ఉండదు.

సగం ఆట అయ్యాక పక్షాలు మార్చండి. ఇప్పటిదాకా మర్నాటి పులుసు అన్నవాళ్ళు ఇప్పుడు ఆనాటి పులుసు అనాలి. అవతలివాళ్ళ మాట శ్రద్ధగా విన్న జట్టుకు ఇక్కడ పని తేలికవుతుంది. ఎందుకు వినాలో నేను విడిగా చెప్పాల్సిన అవసరమే రాలేదు.

మాట మర్చిపోయి నిలబడిపోయే పిల్లల కోసం ఖోఖో నుంచి ఒక పద్ధతి తెచ్చుకున్నాం. తడబడితే పక్కవాడి వీపు తట్టి "ఖో" అనాలి. వాడు లేచి అక్కణ్ణుంచి అందుకుంటాడు. మార్కు పోదు. మర్చిపోవడం ఆటలో ఒక భాగమైనాక నవ్వేవాళ్ళు నవ్వడం మానేశారు. మీ అయిదో అమ్మాయికి ముందుగా ఇదే చెప్పండి మేడమ్.

నాలుగైదు వారాలు గడిచాక అవధానం ఆట పెట్టొచ్చు. అష్టావధానంలో అవధానిని ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది ఉంటారు. వాళ్ళలో ఒకరు అప్రస్తుత ప్రసంగి, సంబంధం లేని ప్రశ్నలతో అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. క్లాసులో ఒకరు "ఆవకాయ పెట్టే విధానం" చెప్తుంటే అవతలి జట్టు నుంచి ఒకరు "మీ ఊరికి చివరి బస్సు ఎన్నింటికి?" అని అడుగుతారు. దానికి మర్యాదగా జవాబిచ్చి, ఆవకాయలో ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచి మళ్ళీ ఎత్తుకోవాలి. దత్తపది కూడా బాగుంటుంది. సైకిలు, ఉప్పు, అమ్మమ్మ, కరెంటు అని నాలుగు మాటలిస్తే ఆ నాలుగూ అర్థవంతంగా వచ్చేలా మాట్లాడాలి. పద్యం అక్కర్లేదు, మామూలు మాటలే.

ఒక జాగ్రత్త. అంతకుముందు ఇందుకూరుపేట వైపు పనిచేసినప్పుడు రొయ్యల చెరువుల మీద వాదన పెట్టాను. ఒక పిల్లాడి నాన్న చెరువుల మీద కూలికి వెళ్తాడు. ఇంకో పిల్లాడి ఇంటి పొలానికి పక్క చెరువు ఉప్పునీరు ఊరి వరి పోయింది. వాదన బడి దాటి ఇళ్ళకు వెళ్ళింది. ఇద్దరూ నెల రోజులు మాట్లాడుకోలేదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు బాధే. ఇంటి బతుకుతో ముడిపడ్డ సంగతులు మొదటి రెండు నెలలు ముట్టుకోవద్దు. తర్వాతైనా పక్షం చీటీతోనే రావాలి, వారం ముందు చదువుకోవడానికి సమయం ఇవ్వాలి.

నెల్లూరు నుంచి, ఒక అమ్మ

అక్కా, మీరు చెప్పింది చదువుతుంటే ఆశగా ఉంది. మా బాబుకి పదేళ్ళు, నత్తి ఉంది. వాడి బడిలో క్విజ్ లాంటి పోటీ పెట్టినప్పుడు "టైము వేస్టవుతుంది, జట్టు ఓడిపోతుంది" అని వాణ్ణి తీసేశారు. ఇట్లాంటి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టడం మేలా, ఆడించడం మేలా? బలవంతం చేస్తే ఇంకా ఎక్కువవుతుందేమో అని భయం.

నెల్లూరులో స్పీచ్ థెరపీ చేసేవారు

ఆడించండమ్మా, కానీ గడియారం తీసేసి ఆడించమని టీచర్లకు చెప్పండి. తొందరపెడితే నత్తి పెరుగుతుంది. బాబు ఒక్కడికే టైము ఎక్కువిస్తే అందరి కళ్ళూ వాడి మీదే ఉంటాయి, అందుకని క్లాసు మొత్తానికీ తీసేయాలి. "నిదానంగా చెప్పు, ఊపిరి తీసుకో" అనొద్దు. వాడి మాట మనం పూర్తి చేయొద్దు. మొహం చూస్తూ, చెప్పే సంగతి మీద ధ్యాస పెట్టి ఆగాలి, అంతే. తన వంతు ఎప్పుడో వాణ్ణే విడిగా అడగండి. చాలామంది పిల్లలకు వంతు కోసం కాచుక్కూర్చోవడమే కష్టం, ముందుగా చెప్పేయడం తేలిక. అందరితో కలిసి పలికేటప్పుడు, పాడేటప్పుడు నత్తి సాధారణంగా బాగా తగ్గుతుంది. కాబట్టి జట్టు నినాదం లాంటిది కలిసి చెప్పించి ఆట మొదలుపెడితే వాడికి మంచిది.

నత్తికీ తెలివికీ సంబంధం లేదు. నోట్లో గులకరాళ్ళు పెట్టించడం లాంటివి చేయొద్దు, వాటితో పోదు. పదేళ్ళు వచ్చాయి కాబట్టి ఒకసారి థెరపిస్టుకి చూపించండి.

ఆత్మకూరు, తెలుగు టీచరు

చాలా మంచి మాట చెప్పారు. మా ఆటలో నిమిషాల లెక్క ఉండేది, ఈ వారం నుంచి తీసేస్తున్నా. "ఒక పిక్కకు ఒక్క కారణం" అనే లెక్క చాలు. అమ్మా, మీ బాబుని రాయబారిగా పంపమని చెప్పి చూడండి. రాయబారి పనిలో సగం వినడమే. చెప్పేది కూడా ముందు తన జట్టుకే కాబట్టి బెదురు తక్కువ.

కనిగిరి నుంచి, ఒక నాన్న

ఇదంతా ఇంగ్లీషులో చేయిస్తే రెండు పనులూ అవుతాయి గదా? మా పాపకు అదే కావాలి.

కావలి, రిటైరైన హెడ్మాస్టరు

అవుతాయి నాయనా, కానీ వరస ఉంది. కారణం వెతకడం ఒక బరువు, తెలియని భాషలో మాట వెతకడం ఇంకో బరువు. రెండూ ఒకేసారి ఎత్తితే పాప బట్టీకే పోతుంది. ముందు తెలుగులో వాదించనివ్వండి. రెండు నెలల తర్వాత అదే టాపిక్కు, అవే కారణాలు ఇంగ్లీషులో చెప్పించండి. ఇప్పుడు పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లోనూ ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి, మాటలకు అవి సాయం.

ఇంకోటి అందరికీ. పిల్లలు "యాడ", "ఏంది", "చేస్తా ఉండారు" అంటే మధ్యలో ఆపి దిద్దకండి. ఆపిన పిల్ల మళ్ళీ నోరు విప్పదు. ఆగస్టు 29న గిడుగు వారి పేరు చెప్పి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. జనం మాట్లాడే భాష కోసం ఆయన జన్మంతా పోరాడారు.

అడిగిన టీచరు, నాలుగు వారాల తర్వాత

అందరికీ చేతులెత్తి నమస్కారం. జరిగింది చెప్తాను.

మొదటి వారం గందరగోళమే. పులుసు టాపిక్కు పెట్టాను. గొంతులు పెరిగి పక్క క్లాసు మేడమ్ వచ్చి చూశారు. పక్షాలు మార్చే దాకా రాలేకపోయాం, పీరియడు అయిపోయింది. రెండో వారం నుంచి ఎనిమిది జట్లనీ ఒకేసారి కాకుండా, నాలుగు ఆడుతుంటే నాలుగు పలకలు పట్టుకుని గమనించేలా పెట్టాను. అప్పుడు కుదిరింది.

ఆగస్టులో మర్చిపోయి నిలబడిపోయిన అమ్మాయి రెండో వారం రెండుసార్లు "ఖో" అంది. మూడో వారం ఒకసారి. మొన్న తను అనలేదు, వేరే పిల్లాడు తన వీపు తట్టి "ఖో" అంటే లేచి వాడి మాట అందుకుంది.

రేవులో బేరమాడే పిల్ల రాయబారిగా వెళ్ళింది. అవతలి జట్టుని "సైకిలు పంచరైతే ఎవరు తోసుకొస్తారు, ఆ రోజు లెక్కేసుకున్నారా?" అని నిలదీసి, రెండు కారణాలకు మూడోది కూడా రాబట్టుకుని వచ్చింది. పలకలో రెండే ఉన్నాయి. మూడోది పలకలో లేదు కాబట్టి మార్కు ఇవ్వాలా వద్దా అని క్లాసంతా పది నిమిషాలు వాదించుకుంది. ఆ వాదనలో నేను ఎప్పుడూ గొంతు వినని ముగ్గురు మాట్లాడారు. మార్కు ఇచ్చాం.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఇద్దరు పిల్లలు ఇంటి నుంచి జేబుల నిండా చింతపిక్కలు తెచ్చుకుని అయిపోయినకొద్దీ తీస్తున్నారు. గట్టిగా చెప్పడానికి మనసు రావడం లేదు, మాట్లాడాలనే గదా తెచ్చుకున్నది. ఏం చేయమంటారు?

ఆత్మకూరు, తెలుగు టీచరు

తిట్టొద్దు మేడమ్. మన అమ్మమ్మలు గవ్వలు లేనప్పుడు పిక్కల్ని ఒకవైపు గరుకురాయి మీద అరగదీసి తెల్లగా చేసి, వాటినే పాచికల్లా వేసి ఆడేవాళ్ళు. మనిషికి మూడేసి లెక్కన 114 పిక్కలు కావాలి. ఆ ఇద్దరికే అప్పజెప్పి అరగదీయించండి. తెల్లపిక్కే చెల్లుతుందని చెప్పండి. ఎక్కువ తెచ్చుకున్నవాళ్ళకు, ఆ మిగిలిన మాటలు తమ జట్టులో ఇంకా పలకని పిల్లల చెవిలో చెప్పే పని ఇవ్వండి.

అడిగిన టీచరు

సరే మేడమ్. బడి వెనక గచ్చు ఉంది, రేపు మధ్యాహ్నం అన్నాలయ్యాక కూర్చోబెడతాను.